గట్టు ప్రక్కన ఫ్రాన్సు

ఫ్రాన్సు దేశమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనన్న, పారిసు నగరమున పదేండ్లు కాపురముండి వచ్చినవారికే అధికారము కలదని లోకుల అభిప్రాయము. అట్టివారు ఇంగ్లీషు భాషలో ఎందరో కలరు. అమెరికా నుండి పోయి, పారిసులో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, అచటి రొట్టెలను, అచటి వారి అలకలను, గంటల తరబడి సాగు వారి భోజనములను గూర్చి తాము నవ్వుచు మనలను నవ్వించు పుస్తకములు వ్రాయుట ఆ దేశీయులకు ఒక చిన్న పరిశ్రమయే అయినది. మా వంటి అధ్యాపకుల జీతములకు పారిసు అందదు. అయినను ఈ సాహసమునకు పూనుకొంటిమి. ఫ్రాన్సును చేరుటకు అమెరికా వాడు మహాసముద్రమును దాటవలెను. గోదావరి డెల్టా వాడు కాకినాడలో బస్సెక్కి ముప్పది కిలోమీటర్లు పోయిన చాలును. 1954 వరకు ఆ బస్సు దిగిన చోట ఫ్రాన్సే ఉండెడిది.

ఓడ ఎక్కి పోయిన గోదావరి వాడు మన సాహిత్యమున లేకపోలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టరు పార్వతీశము మొగల్తూరు నుండి బయలుదేరి, మార్సెయిల్సు రేవున దిగి, ఫ్రాన్సు దేశము మీదుగా ఇంగ్లండు చేరినాడు. భాష తెలియని చోట పాపము పడరాని పాట్లు పడినాడు. తూర్పు దిక్కుగా ఒక పడవ ఎక్కి యానాములో నాలుగు దినములుండి ఫ్రెంచి మాటలు కొన్ని నేర్చుకొని పోయినయెడల అతనికి కొంత సుఖముగా ఉండెడిదేమో! అయితే మనకు నవ్వు తగ్గిపోయి ఉండెడిది.

యానాము వైశాల్యము ముప్పది చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము అచటి వారు 55,626 మంది. గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ చెంత, చుట్టును ఆంధ్రప్రదేశ్ భూములే ఉండగా, ఆ చిన్న ఊరు మాత్రము ఎనిమిది వందల డెబ్బది కిలోమీటర్ల దూరమునగల పుదుచ్చేరి పాలనలో నున్నది. ఉత్తరములు పంచునది ఆంధ్ర తపాలా శాఖ. మోటారు బండ్ల పలకల మీద నుండునది 'పి.వై. 04'. మాట్లాడునది తెలుగు, అందునను మన గోదావరి తెలుగు.

ఫ్రెంచి వారు ఇచటికి 1723లో వచ్చినారు. వ్యాపారము గిట్టక 1727లో విడిచిపోయినారు. 1731లో మరల వచ్చినారు. తరువాత ఐరోపాలో ఇంగ్లీషు వారికిని వీరికిని కయ్యము వచ్చినప్పుడెల్ల యానాము చేతులు మారుచునే ఉన్నది. బొబ్బిలి యుద్ధములో చేసిన సాయమునకు విజయనగరము వారు బుస్సీ దొరకు ఈ ఊరిని బహుమతిగా ఇచ్చిరని మన పెద్దలు చెప్పుదురు. బొబ్బిలి యుద్ధము జరిగినది 1757లో. అంతకు ముప్పది నాలుగేండ్ల క్రిందటనే ఫ్రెంచి వారు యానాములో అడుగు పెట్టినారు. కథ తీయనిదే గాని తేదీలు దానికి ఒప్పుకొనవు.

ఇంకొక సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. 1753లో నిజాము సలాబత్ జంగు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను బుస్సీకి సైన్య వ్యయము కొరకు అప్పగించినాడు. అనగా ఒక అయిదేండ్ల పాటు మన డెల్టా యావత్తును ఫ్రెంచి వారి చేతిలోనే ఉన్నదన్న మాట. 1758 డిసెంబరులో పిఠాపురము సమీపమున చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించినాడు. మరుసటి ఏట మచిలీపట్నము కూడ పోయినది. చందుర్తిలో ఆ నాడు జయాపజయములు తారుమారైనయెడల, ఈ కళాశాలలో ఇంగ్లీషు పరీక్ష తప్పిన వారందరును ఫ్రెంచి పరీక్ష తప్పి ఉండెడివారు. తప్పుట మాత్రము తప్పెడిది కాదు.

ఇక భాష విషయము. పాత తెలుగులో ఫ్రెంచి వారికి 'పరాసులు' అని పేరు. మచిలీపట్నములో పరాసుపేట నేటికిని కలదు. ఇది ఉర్దూ, పారసీ మాటల దారిని మనకు వచ్చిన పేరు. 'ఫిరంగి' అన్న మాట ఇంకను విచిత్రమైనది. ఫ్రాన్సు దేశమునకు పేరు పెట్టిన 'ఫ్రాంకు' జాతి నామమే పారసీలో 'ఫరంగీ' అయి, ఐరోపా వాడని అర్థమిచ్చి, తెలుగులోనికి వచ్చుసరికి వాడు తెచ్చిన తోపునకు పేరై కూర్చున్నది. మనిషిని మరచి వాని ఆయుధమును గుర్తుంచుకొన్న మాట ఇది. వచ్చినవాడు మనకు ఏది ముందు చూపినాడో దానినే గదా మనము గుర్తుంచుకొందుము!

హైదరాబాదులో మూసారాంబాగు అను పేట కలదు. నేడు అచట మెట్రో రైలు స్టేషను కూడ ఉన్నది. రెండవ నిజాము కొలువులో సేనాపతియై, 1786లో తోపుల కార్ఖానా నెలకొల్పి, 1798లో మరణించిన రేమాను అను ఫ్రెంచి వాని పేరు మీద వెలసిన పేట అది. ఫ్రెంచి భాషలో 'అయ్యా' అనుటకు 'మొస్యే' అందురు. మనవారి నోట అది 'మూసా' అయినది. హిందువులు అతనిని మూసా రాముడనిరి. ముసల్మానులు మూసా రహీమనిరి. ముసల్మానులకు మూసా ప్రవక్త పేరు ఎటులను తెలిసినదే. ఒక పరదేశికి రెండు మతముల వారును తమ ఇంటి పేరు పెట్టుకొని కలుపుకొన్న ఉదాహరణము ఇంతకన్న చక్కనిది మేము ఎరుగము. తన పేరు ఇన్ని విధముల చెడిపోయినందుకు ఆ దొర ఏమనుకొనెనో గాని, ఇన్నేండ్ల తరువాత జనుల నాలుక మీద నిలచినది ఆ చెడిన పేరే.

ఫ్రెంచి వ్రాత చూచి నవ్వని తెలుగువాడుండడు. తెలుగులో వ్రాసినదే చదువుదుము, చదివినదే వ్రాయుదుము. ఫ్రెంచి వాడు అయిదు అక్షరములు వ్రాసి రెండు పలుకును. తక్కిన మూడును అచట ఊరక కూర్చుండును, పెండ్లి పందిట ముసలి చుట్టముల వలె. వారు ఏ పనియు చేయకున్నను, లేకపోయిన మర్యాద కాదు. యానాము పాత కాగితములలో 'నాయుడు' గారి పేరు చివర 'ఉ'కారమునకే రెండేసి అక్షరములు ఖర్చుపెట్టినారు. అయితే ఉర్దూ శాఖ వారు ఇంతలో నవ్వరాదని మా మనవి. 'ఖుష్' అని పలికి మధ్యలో 'వావ్' వ్రాయుట లేదా? 'బిల్కుల్' అని పలికి ఒక 'అలిఫ్'ను ఊరక నిలబెట్టుట లేదా? ఫ్రెంచి వాడు ఎనుబదిని 'నాలుగు ఇరువదులు' అనును. తొంబదిని 'నాలుగు ఇరువదుల పది' అనును. హిందూస్థానపు పల్లెలలో ముసలివారు 'చార్ బీసీ' అని లెక్కించుటయు అట్టిదే. లోకమున వింత ఆచారమని మనము నవ్వుదానికి జోడు మన ఇంటి అటక మీద దొరకుచునే ఉండును.

మర్యాదల విషయమున ఫ్రెంచి వారికిని మన గోదావరి వారికిని ఏదో పూర్వజన్మ బంధము కలదేమో అని మాకు సందేహము. ఫ్రాన్సులో అంగడిలోనికి అడుగు పెట్టిన మనిషి ముందుగా 'బోఁజూర్' అని పలుకరింపక బేరము మొదలుపెట్టిన యెడల, అంగడివాడు ముఖము ముడుచుకొనునట. మన వైపున 'అండీ' లేని వాక్యము, 'ఆయ్' లేని సమాధానము అట్టి అపచారమే. పాలకొల్లులో దారి అడిగిన వానికి, దారి చెప్పుటకు ముందు 'ఎవరి తాలూకండీ?' అన్న ప్రశ్న వచ్చును. ఇంగ్లీషు భాషలో పెద్దవానికి, చిన్నవానికి, దేవునికి, దొంగకు ఒక్కటే సంబోధన. ఫ్రెంచి భాషలో మన 'నువ్వు', 'మీరు'ల వలె రెండు. 1793లో విప్లవ కాలమున సమానత్వము పేరిట అందరును అందరిని 'నువ్వు' అనవలెనని నియమము పెట్టి చూచినారు. కొన్నాళ్ళకే 'మీరు' తిరిగి వచ్చినది. రాజును దించిన వారికి కూడ మర్యాదను దించుట సాధ్యము కాలేదు. ఉర్దూలో 'తూ', 'తుమ్', 'ఆప్' అని మూడు మెట్లు. మూడు మెట్లు ఎక్కి దిగు మనకు ఆ రెండు మెట్లు ఒక లెక్క కాదు.

తిండి సంగతి ఎత్తక ఫ్రాన్సును గూర్చి వ్రాసిన వ్యాసము పప్పు లేని పెండ్లి భోజనము. ఏ జున్ను ఏ ఊరిదో, ఏ ద్రాక్ష ఏ కొండవాలుదో చెప్పి తగవులాడుట వారికి ప్రీతి. 1925లో రోక్‌ఫోర్ జున్ను పేరును కాపాడుటకు చట్టమే చేసినారు. ఇది విని మేము నవ్వుకొనుచుండగా, 2023లో మన ఆత్రేయపురము పూతరేకులకు అట్టి గుర్తింపే వచ్చినది. తాపేశ్వరము కాజాకును కాకినాడ కాజాకును గల భేదమును గూర్చి ఇరువురు డెల్టా వాసులు అరగంట వాదింపగలరు. పులస చేప వరద నీటికి ఎదురీది గోదావరిలోనికి వచ్చు శ్రావణ భాద్రపదములలో యానాము రేవున జరుగు బేరములు చూచిన ఫ్రెంచి వాడు తన దేశమున ఉన్నట్లే భావించును. పుస్తెలమ్మి అయినను పులస తినవలెనన్న సామెత మనది. ఫ్రెంచి వారి చెవిని పడిన యెడల వారు దానిని తమదనియే చెప్పుకొందురు.

రెండేండ్ల క్రిందట మేము విద్యార్థులతో యానాము పోయినాము. పొలిమేర దాటగానే పెట్రోలు బంకుల బారు, వాని వెంబడి మద్యపు దుకాణముల బారు. పన్ను తక్కువగుట చేత రెండును చవుక. మొదటి ద్రవము మా బస్సునకు పోయించితిమి. రెండవది మా మతమునకు నిషిద్ధము, కళాశాల నిబంధనలకు అంతకన్న నిషిద్ధము కావున కిటికీలు మూయించితిమి. విద్యార్థులు కిటికీ అద్దముల నుండి చూపిన భౌగోళిక జిజ్ఞాస తరగతి గదిలో ఏనాడును చూపినవారు కారు. ఫ్రెంచి వారు నాటిన సంస్కృతి ఇదియే అని ఒక విద్యార్థి అన్నాడు. పాపము, ఇది ఫ్రెంచి వారి పని కాదు, పన్నుల పట్టికల పని.

ఆ దినము పాత కాథలిక్కు దేవాలయము చూచి, గోదావరి గట్టున కూర్చుండగా, ఎనుబది దాటిన ఒక పెద్దాయన మా ప్రక్కకు వచ్చి కూర్చున్నారు. బాల్యమున ఫ్రెంచి బడిలో చదివిరట. మా పిల్లలు అడుగగా 'అన్, దు, త్రువా' అని ఇరువది వరకు ఒక్క ఊపున అప్పగించినారు. ఆపైన మరచితిమన్నారు. ఆయన చెప్పిన ఒక మాట మాకు నచ్చినది. "మేం చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి, ఇంట్లో తెలుగు, కాకినాడ వెళ్తే ఇంగ్లీషు బోర్డులు చూసేవాళ్ళమండీ. మూడిట్లోనూ ఆకలేస్తే అమ్మనే అడిగేవాళ్ళం." తరువాత మా భోజనములైనవో లేదో విచారించి, కాలేదని తెలిసి, మంచి హోటలు దారి చూపి వెళ్ళిపోయినారు. ఉర్దూ ఇంట్లో, తెలుగు వీధిలో, ఇంగ్లీషు తరగతిలో మోయుచు పెరిగిన మా విద్యార్థులకు ఆయన పలుకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది.

ఇంతవరకు నవ్వులాటగా సాగినది. ఇక నవ్వు కొంచెము తగ్గు చోటికి వచ్చుచున్నాము.

యానామునకు కల్యాణపురమని ఒక ముద్దుపేరు కలదు. ఆ పేరు వచ్చిన విధమిది. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలైనది. ఆడపిల్లకు పదునాలుగు, మగపిల్లవానికి పదునెనిమిది ఏండ్లు నిండనిదే పెండ్లి చేయరాదన్నది. ఆ చట్టము ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు. దానితో మన జిల్లాల నుండియు, దూరప్రాంతముల నుండియు, పసిపిల్లలను తీసుకొని పెండ్లివారు యానాము దారి పట్టినారు. గట్టునకు ఇవతల నేరమైన పని అవతల శుభకార్యమైనది. ఫ్రెంచి పాలన ముగియు దాక ఈ పెండ్లిండ్లు సాగినవి.

మేము చిన్నతనమున నివసించిన వీధిలో ఒక మామ్మగారు ఉండెడివారు. మా ఇంటికి నాలుగిండ్ల అవతల. రంజానునాడు మా అమ్మ పంపిన సేమియా గిన్నెను పుచ్చుకొని, గిన్నె ఖాళీగా పంపరాదని అందులో నాలుగు జామపండ్లు వేసి పంపెడివారు. "సాయిబుగారబ్బాయీ, నాది ఫ్రెంచి పెళ్ళిరా! మీ పుస్తకాల్లో ఉంటుంది చూసుకో" అని మమ్ములను నవ్వించెడివారు. ఎనిమిదవ ఏట ఆమెను కోనసీమ నుండి పడవలో గోదావరి దాటించి యానాము తీసుకొనిపోయినారు. వరునకు పండ్రెండేండ్లు. ఆమెకు గుర్తున్నది మంగళవారపు సంతలో మేనమామ కొనిపెట్టిన రంగు గాజుల డబ్బా, పీటల మీద ముంచుకొని వచ్చిన నిద్ర. మూడేండ్లకు ఆ పిల్లవాడు జ్వరముతో పోయినాడు. మేము ఎరిగినంతవరకు ఆమె తెల్లచీర తప్ప మరియొకటి కట్టలేదు. గాజుల డబ్బా కథ మాత్రము చివరి వరకు చెప్పుచునే ఉండిరి. చిన్నపిల్లలమగుట చేత మేము 'ఫ్రెంచి పెండ్లి' అనగా మహా గౌరవమని తలచి, తోటివారితో గొప్పగా చెప్పుకొనెడివారము.

పెద్దవారమై పుస్తకములు చదువగా కొన్ని సంగతులు తెలిసినవి. ఫ్రెంచి వారి స్వంత సివిల్ కోడు ప్రకారము పెండ్లికి ఆడపిల్లకు పదునైదేండ్లు, మగవానికి పదునెనిమిదేండ్లు ఉండవలెను. అనగా శారదా చట్టము కన్న ఒక ఏడు ఎక్కువే. యానాములోని ఫ్రెంచి అధికారి తన బిడ్డకు ఎనిమిదవ ఏట పెండ్లి చేయజాలడు. మన బిడ్డలకు జరుగుచుండగా ఊరకుండవచ్చును. ఎందుకనగా దేశీయుల మామూళ్ళలో జోక్యము చేసుకొనమని వారి మాట. ఇంకొక సంగతి. 1881 సెప్టెంబరు 21 నాటి శాసనముతో, ఫ్రెంచి ఇండియాలోని ఏ దేశీయుడైనను తన వైయక్తిక ధర్మమును విడిచి ఒక్క సంతకముతో సివిల్ కోడు క్రిందికి రావచ్చునన్నారు. అదే 1881లో, డిసెంబరు 11న, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము గారు మొదటి వితంతు వివాహము జరిపించినారు. ఒక ఏట, ఒక నది ఒడ్డున, రెండు తలుపులు తెరచుకొన్నవి. ఫ్రెంచి తలుపు కాగితము మీద తెరచి, ఎవరైనను వత్తురేమో అని కుర్చీలో కూర్చుండి చూచినది. పంతులుగారి తలుపు వీధిలోనికి వచ్చి, రాళ్ళు తిని, చేయి పట్టి లోనికి పిలిచినది. అయినను ఏబదేండ్ల తరువాత మా మామ్మగారి వద్దకు రెండును చేరలేదు.

మన వంటి అల్పసంఖ్యాకుల విద్యాలయమున ఈ మాట చెప్పుటకు కారణమున్నది. మన ఆచారములను గౌరవింపుడని మనము ఇతరులను అడుగుదుము. అడుగుట న్యాయమే. రాజ్యాంగము మనకిచ్చిన హక్కు వలననే ఈ కళాశాల నిలచినది. కాని మన ఆచారము ఇది అని చెప్పునపుడు మన ఇండ్లలో ఎవరిని అడిగి చెప్పుచున్నామో ఒక్క క్షణము ఆలోచింపవలెను. యానాములో ఫ్రెంచి వారు ఇంటి పెద్దలను అడిగినారు, పెద్దలు మామూలన్నారు. గాజుల డబ్బా పట్టుకొన్న పిల్లను ఎవరును అడుగలేదు. ఇంటి పెద్ద చెప్పినదానినే ఇంటి అందరి మాటగా తీసుకొని ఊరకుండు గౌరవము పాలకునకు సులువు. దానివలన కలిగిన కష్టమంతయు ఆ పిల్లది. మా తరగతిలో ముందు బల్లల మీద కూర్చుండు విద్యార్థినులు ఈ పేరా మరియొక మారు చదువుదురు గాక.

ఫ్రాన్సు మనకు చూపిన రెండు ముఖములు ఇట్టివే. స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము అన్న మాటలు వారివి. బ్రిటిషు ఇండియాలో వోటన్నది ఎరుగని కాలమున, 1871 నుండియే ఫ్రెంచి ఇండియా ఒక ప్రతినిధిని పారిసు శాసనసభకు పంపినది. అయితే స్థానిక సభల ఎన్నికలలో ఐరోపా వారికొక జాబితా, దేశీయులకొక జాబితా. ఆ రేవు నుండియే తెలుగు కూలీలను ఓడలకెక్కించి, 1820ల చివరి నుండి రీయూనియన్ దీవి చెరకు తోటలకు పంపినారు. వారి సంతతి నేటికిని ఆ దీవిలో కలదు. వారి మనుమలు నేడు ఫ్రెంచి పౌరులు, ఫ్రెంచి మాట్లాడుదురు, తెలుగు మరచినారు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వమున యానాము విమోచనోద్యమకారులు పాలనను కైవసము చేసుకొన్నారు. ఆ సంవత్సరము నవంబరు 1న ఫ్రెంచి ఇండియా ఊళ్ళన్నియు వాస్తవముగా భారతదేశము చేతికి వచ్చినవి. ఒప్పందము 1956లో సంతకమైనది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగినది. ఇచట ఒక తమాషా కలదు. ఆ 1962 ఏప్రిల్ నుండియే దేశమంతటను తూనికలకు, కొలతలకు మెట్రిక్ పద్ధతి తప్పనిసరి అయినది. మన సంతలలో వీశెలు, మణుగులు, కుంచములు, మానికలు పోయి, ఫ్రెంచి విప్లవము కనిపెట్టిన కిలోలు, లీటర్లు వచ్చినవి. ముప్పది చదరపు కిలోమీటర్లు విడిచిన ఏడే ఫ్రాన్సు మన దేశపు ప్రతి తక్కెడలోను కూర్చున్నది! మన పత్రికలు వ్రాయు 'వామపక్షము' కూడ 1789లో వారి సభలో అధ్యక్షునకు ఎడమ వైపున కూర్చున్న వారి నుండి వచ్చిన మాటయే. బెజవాడలోనైనను, భీమవరములోనైనను, ఎఱ్ఱజెండా పట్టి 'బూర్జువా' అని గర్జించు ఉపన్యాసకుడు తనకు తెలియకయే ఫ్రెంచి మాట్లాడుచున్నాడు.

ఇక మన వారు అచటికి పోయి చేసిన పని ఏమి? చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిసులోని ప్రసిద్ధ ముద్రణ చిత్రశాల 'అత్‌లియే 17'లో పనిచేసి, ఒకే లోహపు పలక నుండి అనేక వర్ణములను ఒక్కసారిగా ముద్రించు పద్ధతిని పెంపొందించి ప్రపంచ కళాకారులకు గురువైనారు. హైదరాబాదులో 1908లో జన్మించి, సొర్బాన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు పారిసులో దాదాపు అర్ధశతాబ్దము నివసించినారు. ఉర్దూ మాతృభాషగా గల ఆ పండితుడు పవిత్ర ఖురానును ఫ్రెంచి భాషలోనికి అనువదించి 1959లో ప్రకటించినారు. ఫ్రాన్సులోని ఎందరో ముస్లిములు ఆ గ్రంథమును ఒక హైదరాబాదు వాని ఫ్రెంచిలో చదువుకొన్నారు. ఆ వైపు నుండి వచ్చినవారును కలరు. పారిసు ప్రాచ్య భాషల సంస్థలో తెలుగు బోధించిన దనియెల్ నెజెర్స్ గారు మన బుర్రకథను పరిశోధించినారు. మన పిల్లలు సినిమా హాళ్ళకు పరుగెత్తు కాలమున, ఒక ఫ్రెంచి దేశస్థుడు తంబురా, గుమ్మెటల దరువును గూర్చి శ్రద్ధగా వ్రాసికొన్నాడు.

విద్యార్థినీ విద్యార్థులారా! సెలవులలో యానాము పోవుడు. నాడు పంటు మీద గోదావరి దాటెడివారు. నేడు ఎదుర్లంక నుండి బాలయోగి గారి పేర వారధి కలదు. పారిసులోని ఐఫిల్ గోపురమును తలపించు కట్టడమొకటి కూడ అచట కట్టినారు; దాని ముందు ఫోటోలు తీసికొన్న మీదట, కొంతసేపు గట్టున కూర్చుండి ఊరి పెద్దలతో మాట్లాడుడు. నాటి బడిలో చదివినవారు ఇంకను కొందరు మిగిలియున్నారు. వారు చెప్పునది వ్రాసికొనుడు. ఆడవారిని ప్రత్యేకముగా అడుగుడు. కల్యాణపురమన్న పేరు విన్నప్పుడు ఎవరి కల్యాణము, వారి వయస్సెంత, తరువాత వారేమైరి అన్న మూడు ప్రశ్నలు మరువకుడు. వచ్చే సంచికకు ఆ వ్యాసములు మీరు వ్రాసి ఇచ్చినయెడల, ఉర్దూ భాగమున కొన్ని, తెలుగు భాగమున కొన్ని ప్రకటించుటకు సంపాదకవర్గము సిద్ధముగా నున్నది.